టెంకాయచిప్పకు ఒక శతకం

టెంకాయ కొట్టినాక చిప్పనేం చేస్తాం? కొబ్బరి తీసుకొని పొయ్యిలోకో, చెత్తలోకో వేస్తాం. మా కడప జిల్లా జమ్మలమడుగులో 1863లో పుట్టిన వావిలికొలను సుబ్బారావు గారు అట్లాంటి చిప్పనొకటి చేతబట్టుకొని ఊరూరా తిరిగినారు, శిథిలమైన ఒంటిమిట్ట కోదండరామాలయాన్ని బాగుచేయడానికి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేసినవారు, వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లో పెట్టి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్నవారు, రాముని గుడి కోసం భిక్షకు పోయినారు. ఆ చిప్పను ఆయన మరిచిపోలేదు. దాని మీద ‘టెంకాయచిప్ప శతకం’ రాసినారు.

ఇచ్చినవాళ్లను తలుచుకోవడం ఎవరైనా చేస్తారు. ఇచ్చినదాన్ని మోసుకొచ్చిన చిప్పను గూడా తలుచుకోవాలని రామాయణంలో మునిగిన మనిషికే తోచింది. ఈ మాట తలపుకొచ్చినప్పుడల్లా నాకు అయోధ్యకాండ మొదటి సర్గలో రాముని గురించి చెప్పిన శ్లోకం గుర్తొస్తుంది.

కదాచిదుపకారేణ కృతేనైకేన తుష్యతి ।
న స్మరత్యపకారాణాం శతమప్యాత్మవత్తయా ॥

ఎప్పుడో ఒకసారి, ఒక్కటంటే ఒక్క మేలు చేసినా చాలు, రాముడు సంతోషపడతాడు. నూరు అపకారాలు చేసినా తలుచుకోడు, మనసు తన చేతిలో ఉన్నవాడు కాబట్టి.

మా పెద్దోడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఆరు. ‘థాంక్స్’ చెప్పడం ఇద్దరికీ బాగా వచ్చు. వాళ్ల మామ సైకిల్ కొనిచ్చిన రోజు పెద్దోడు ఆ మాట అననే అన్నాడు, కానీ సైకిల్ దిక్కు చూస్తా అన్నాడు. మామ మొహం చూడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కృతజ్ఞుడు అంటే చేసిన మేలు తెలిసినవాడని అర్థం. నోటితో చెప్పడం తర్వాతి సంగతి, ముందు తెలియాల. రామాయణం మొదట్లో, ఈ గుణాలన్నీ ఉన్న మనిషెవరని వాల్మీకి నారదుణ్ణి అడిగిన పదహారు గుణాల్లో ఇది నాలుగోది. సత్యవాక్యం గూడా దీని వెనకే వస్తుంది.

పిల్లోళ్లకు తెలియాలంటే ఆ పని వాళ్ల చేతికి తగలాలని మా అత్త అంటుంది. సంగటి కెలికేటప్పుడు పెద్దోని చేతికి తెడ్డు ఇస్తుంది. నాలుగు తిప్పులు తిప్పేసరికి “చెయ్యి నొస్తాంది జేజీ” అంటాడు. “నొస్తుంది నాయనా. మీ అమ్మకు గూడా నొస్తుంది” అంటుంది, అంతే. ఇంకో మాట ఉండదు. చిన్నది పక్కన కూర్చొని శెనక్కాయలు వొలుస్తుంది. గింజలు సగం నోట్లోకే పోతాయి, పోనీ. సంగటి ముద్ద తట్టలో వదిలేసి లేవడం మాత్రం మా ఇంట్లో తగ్గింది.

సాయంత్రం దీపం పెట్టినాక అందరం దేవుని పటాల ముందర కూర్చుంటాం. “ఈ పొద్దు మనకు ఎవరేం మేలు చేసినారు?” అని మా అత్త అడుగుతుంది. ఒక్కొక్కరు ఒక్కటే చెప్పాల, శ్లోకంలో ‘ఏకేన’ అన్నట్టు. మొదట్లో పిల్లోళ్లు రోజూ “అమ్మ అన్నం పెట్టింది” అనేవాళ్లు. వేరేది చెప్పండని నేను అనబోతే అత్త కళ్లతోనే వద్దనింది. పది రోజులు పోయినాక చిన్నది “ఆటో అన్న నా బ్యాగు మోసినాడు” అనింది. ఇంకో రోజు పెద్దోడు “ఏపచెట్టు. ఎండకు దాని కిందే నిలబడినాం” అన్నాడు. మే నెల కడప ఎండలో నిలబడినవాళ్లకే తెలుస్తుంది ఆ చెట్టు చేసిన మేలు.

కృతఘ్నునికి నిష్కృతి లేదని లక్ష్మణుడు సుగ్రీవునితో అన్న మాట కిష్కింధకాండలో ఉంది. అది నేను పిల్లోళ్లకు చెప్పను. భయపెడితే మాట వస్తుంది గానీ మనసు రాదు. జటాయువు కథ చెప్తాను. తన కోసం రెక్కలు తెగి పడిన పక్షికి రాముడు తండ్రికి చేసినట్టు దహనం చేసి నీళ్లు వదిలినాడని చెప్తే చిన్నది ఒళ్లోకొచ్చి కూర్చుంటుంది.

శ్లోకంలో రెండో సగం మాత్రం నేను నేర్పింది కాదు. ఒకరోజు దీపం దగ్గర చిన్నది ఏడుపు మొహంతో “అన్న నన్ను గిల్లినాడు” అనింది. మా అత్త దాని తల నిమిరి, “అది ఈ లెక్కలో రాదు మా. రాముడు ఆ లెక్క పెట్టుకోడు” అనింది. తర్వాత కైక సంగతి చెప్పింది. రావణుడు చచ్చినాక దశరథుడు దివ్యరూపంలో కనిపిస్తే రాముడు కోరుకున్నది ఇదీ: ‘కొడుకుతో సహా నిన్ను వదిలేస్తున్నా’ అని కైకను అన్నావే, ఆ మాట వెనక్కు తీసుకో నాయనా అని. తనను పద్నాలుగేళ్లు అడవికి పంపినామె కోసం.

ఆ తర్వాత నా వంతు వచ్చింది. నాకు నోరు పెగల్లేదు. ఒక పెండ్లిలో మా వదిన అన్న మాట పట్టుకొని ఏడాదిగా ఆమెతో నేను మాట్లాడటం లేదు. ఆమె మా అత్త కన్న కూతురే. ఈ ఏడాదిలో అత్త ఒక్కసారి గూడా నన్ను ఆ సంగతి అడగలేదు, ఆ రోజు గూడా నా వైపు చూడలేదు, వత్తి సరిచేస్తా ఉంది. చిన్నది పుట్టినప్పుడు ఆసుపత్రిలో మూడు రాత్రులు నా మంచం పక్కన చాప మీద పడుకున్నది వదినే. నాకు నొప్పి ఎక్కువైనప్పుడల్లా లేచి కూర్చొని కాళ్లు పట్టింది.

“అమ్మా, నువ్వు చెప్పు” అన్నాడు పెద్దోడు.

“మీ అత్త” అన్నాను. “చెల్లెలు పుట్టినప్పుడు.”

పిల్లోళ్లు పడుకున్నాక ఫోన్ చేసినాను. రెండు రింగులకే ఎత్తింది. “ఏం మా, ఇంత పొద్దుపోయి చేసినావు, అందరూ బాగుండారు కదా?” అనింది.