వినడానికేనా?

వీసా కౌంటర్లో అమ్మాయి నా కవరింగ్ లెటర్ చివరిదాకా చదివి, మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి, "మీరు అక్కడ వాయిస్తారా సార్?" అని అడిగింది. లేదండీ అన్నాను. "పాడతారా?" అదీ లేదండీ. "మరి?" వినడానికి వెళ్తున్నానండీ. "వినడానికేనా?"

ఆ మాట వినడం నాకు అప్పటికే మూడోసారి. మొదట మా ఆఫీసులో సార్ అన్నారు, తర్వాత అమ్మ అంది. ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను కాబట్టి ఆ పిల్లకీ చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

అసలు సంగతి ఏంటంటే జర్మనీలో ప్రొఫెసీ ప్రొడక్షన్స్ అని ఒక చిన్న మ్యూజిక్ లేబుల్ ఉంది. 1996లో మొదలైంది. పెద్ద కంపెనీల చేతిలో లేకుండా సొంతంగా నడిచే బాపతు. మెటల్ (హోరెత్తించే రాక్ సంగీతం), జానపదం, చీకటిగా నెమ్మదిగా సాగే రకాల సంగీతం వేస్తారు, కొన్ని ఆల్బమ్‌లని గట్టి అట్టల పుస్తకంలా బొమ్మలతో అచ్చు వేసి అమ్ముతారు. నేను ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు ఒక సీనియర్ హార్డ్ డిస్క్‌లో ఎంపైరియమ్ అనే బ్యాండు పాటలు దొరికాయి. మెటల్ అని పెట్టుకుంటే ఉత్త అకూస్టిక్ గిటారు, ఫ్లూటు, ఎక్కడో అడవిలో వాన పడుతున్నట్టు. భాష ముక్క అర్థం కాలేదు. అప్పట్నించి ఆ లేబుల్ ఏది వేసినా వింటూనే ఉన్నాను, పదిహేనేళ్ళు దాటింది. వాళ్ళు 2015 నుంచి బాల్వే అనే చిన్న ఊళ్ళో ఒక పండగ చేస్తున్నారు, ప్రొఫెసీ ఫెస్ట్. స్టేజీ ఎక్కడో కాదు, సున్నపురాయి గుహ లోపల.

ఈ చివరి ముక్క అమ్మకి చెప్పకుండా ఉండాల్సింది. "ఏటి నాన్నా, గుహ కోసం అంత దూరమా? మనకి బొర్రా లేదేటి?" అంది. నిజమే, కంచరపాలెంలో పుట్టిపెరిగిన మాకు బొర్రా అంటే పొద్దున్న కిరండోల్ పాసింజర్ ఎక్కి, సొరంగాలు వచ్చినప్పుడల్లా అరుచుకుంటూ, పులిహోర పొట్లాలతో వెళ్ళొచ్చే చోటు. దానికి లేని గొప్ప దీనికేముందని అడిగితే నేనేం చెప్తాను.

డబ్బు సంగతి. నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. రోజూ ఊరివాళ్ళ సరుకు కాగితాలు చూసే మనిషిని, నా కాగితాలు నాకు లెక్కేంటి అనుకున్నాను. ఆఫీసులో మేం పదిమంది వేసుకునే చీటీ జూన్‌లో పాడుకున్నాను, లక్షా నలభై వేలు వచ్చింది, అది తెచ్చి బ్యాంకులో వేశాను. ఇక్కడే మొదటి తప్పు. వీసాకి మూడు నెలల స్టేట్‌మెంట్ అడుగుతారు, అందులో నెలజీతం తప్ప ఏమీ లేని అకౌంట్లో ఉన్నట్టుండి అంత మొత్తం పడితే, చూపించడానికి ఎవరి దగ్గరో తెచ్చి వేశాడు అనుకుంటారట. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నాకు తెలిసిన ఒక ట్రావెల్ ఏజెంటు చెప్పాడు. ఆయనే ఇంకో సలహా కూడా ఇచ్చాడు: "పాటలూ గుహలూ రాయకు, పారిస్ వెళ్తానని రాయి, హనీమూన్ ప్యాకేజీ కాగితం నేనిస్తా." పెళ్ళి కాలేదన్నా అని చెప్తే, "అది వాళ్ళకెందుకు" అన్నాడు. దండం పెట్టి బయటికొచ్చేశాను.

ఫారంలో టూరిజం అన్న గడిలో టిక్ పెట్టాను గానీ లెటర్లో ఉన్నదున్నట్టు రాశాను. ఏ లేబుల్, ఏ ఊరు, టికెట్ ఎప్పుడు కొన్నాను, ఏ రోజు ఎక్కడ ఉంటాను, తిరిగి ఏ రోజు ఆఫీసుకి వస్తాను. చీటీ డబ్బు గురించి ఒక పేరా వేరే పెట్టి, చీటీ పుస్తకం జెరాక్సు జత చేశాను. ఆ పేరా ఇంగ్లీషులోకి మార్చమని మా అక్క కొడుక్కి ఇచ్చాను, వాడు ఫోన్లో ట్రాన్స్‌లేటర్లో వేసి టైప్ చేసేశాడు. నేను అంకెలు సరిచూసుకున్నాను గానీ మాటలు చూడలేదు, అకౌంట్స్ బుద్ధి.

మిగతావి క్లుప్తంగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి. ముప్పై వేల యూరోలకి తక్కువ కాకుండా మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి, చిన్న ట్రిప్పుకి అది పెద్ద ఖర్చేం కాదు. ఫీజు 2024 జూన్ నుంచి 80 యూరోలు కాస్తా 90 అయింది, నేను జులైలో వెళ్ళాను కాబట్టి పెరిగినదే కట్టాను, పైన సర్వీసు చార్జీ వేరు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చెయ్యొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి, నేను ఐదు వారాల ముందు ఇచ్చి కూడా గోళ్ళు కొరుక్కున్నాను. ఫోటో 35 బై 45 మిల్లీమీటర్లు, మామూలు పాస్‌పోర్టు ఫోటో అంటే స్టూడియో అబ్బాయి ఇంకో సైజు ఇచ్చాడు, హైదరాబాదులో మళ్ళీ దిగాల్సొచ్చింది. ఆఫీసు లెటర్ కోసం మాత్రం వారం తిరిగాను. సార్ సంతకం పెట్టే ముందు కళ్ళజోడు తీసి, "ఏవయ్యా, వినడానికేనా? యూట్యూబ్‌లో రావా?" అన్నారు. వస్తాయి సార్ అన్నాను. సంతకం పెట్టారు.

గోదావరి ఎక్కి తెల్లారేసరికి సికింద్రాబాదులో దిగి, స్టేషన్లోనే మొహం కడుక్కుని కౌంటర్‌కి వెళ్ళాను. ఆ పిల్ల పాడతారా అని ఎందుకు అడిగిందో అప్పుడు చూపించింది. మా మేనల్లుడి ట్రాన్స్‌లేటరు చీటీ పాటని కాస్తా పాట చేసేసింది! నేను ఆఫీసులో పాట పాడి లక్షా నలభై వేలు గెలుచుకున్నానని ఉంది అక్కడ. పాడడానికి డబ్బు తీసుకుంటే అది ఉద్యోగం కింద లెక్క, ఈ వీసా కాదు కదా అని ఆమె అనుమానం. తెలుగమ్మాయే కాబట్టి బతికాను. చీటీ పాట అండీ అనగానే పక్క కౌంటర్ ఆయన కూడా ఇటు తిరిగి నవ్వాడు. పేరా కొట్టేసి చేత్తో మళ్ళీ రాసిచ్చాను. పదిహేడో రోజు పాస్‌పోర్టు ఇంటికొచ్చింది, కవరు అమ్మే చింపింది, ముందు ఫోటో చూసి "దొంగలా ఉన్నావు" అని, తర్వాత దేవుడి దగ్గర పెట్టింది.

ఇంక టెన్షన్ లేదనుకున్నాను. సెప్టెంబరు 3 రాత్రి పన్నెండు దాటాక, అంటే తారీకు ప్రకారం 4న, హైదరాబాదు నుంచి ఫ్లైటు. 2 సాయంత్రం రైలుకి రిజర్వేషన్. ఆగస్టు చివర్లో మొదలైన వాన ఒకటో తారీకుకి ఏం చేసిందో అందరికీ తెలుసు. బుడమేరు పొంగి విజయవాడ సగం నీళ్ళలో ఉంది, అవతల కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడుతున్న ఫోటో ప్రతి గ్రూపులోనూ తిరిగింది. రైళ్ళు వరసగా రద్దు. నా రైలు పోతే పోయింది, మా పిన్ని వాళ్ళు సింగ్‌నగర్లో ఉంటారు. కింది వాటా మునిగి, పై మేడ మీదికెక్కి కూర్చున్నారు, ఫోను చార్జింగ్ అయిపోతుందని రోజుకి ఒక్కసారి రెండు మాటలు మాట్లాడి పెట్టేసేవారు. అలాంటప్పుడు నేను పాటలు వినడానికి దేశం దాటడం ఏంటి అనిపించింది. టికెట్లు పోతే పోనీ, మానేస్తానని అమ్మతో చెప్పాను.

రెండు నెలలుగా నా ప్రయాణాన్ని రోజూ తిట్టుకున్న మనిషి ఆరోజు పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా, "నువ్విక్కడుండి ఏటి చేస్తావు, నీళ్ళు తోడుతావా? పడవ మీద పాలు అందుతున్నాయని పిన్ని చెప్పింది కదా. డబ్బులు పోసి కొన్నావు, పో" అంది. అంతే. వైజాగ్ నుంచి హైదరాబాదుకి విమానం టికెట్ ఆరోజు రేటు చెప్తే మళ్ళీ తిడుతుందని చెప్పలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇమిగ్రేషన్ ఆయన ఎందుకొచ్చావన్నాడు. మ్యూజిక్ ఫెస్టివల్ అన్నాను, బాల్వే అన్నాను, గుహ అన్నాను. ఆయన పక్కాయనతో ఏదో అన్నాడు, ఇద్దరూ నా టీషర్టు వైపు చూశారు, ముద్ర కొట్టేశాడు. వినడానికేనా అని అడగని మొదటి మనిషి ఆయనే.

అక్కడ్నుంచి డోర్ట్‌ముండ్, డోర్ట్‌ముండ్ నుంచి ఉన్నా (ఊరి పేరే ఉన్నా, "ఉన్నాలో ఉన్నా" అని అక్కకి మెసేజ్ పెడితే నిద్ర లేక మతి పోయిందనుకుంది), ఉన్నా నుంచి హోనె లోయలో పోయే చిన్న రైలు. రెండే పెట్టెలు, స్కూలు పిల్లలు, ఒక పక్క వాగు, ఇంకో పక్క తెల్లటి రాతి గోడలు. కిటికీ దగ్గర కూర్చుని అరకు దారి అనుకున్నాను, పల్లీలు అమ్మేవాళ్ళే తక్కువ.

గుహ గురించి ఎంత చదివినా దాని నోటి ముందు నిలబడితే వేరే. బొర్రాలో మనం మెట్లు దిగి కిందికి పోతాం, ఇరుకు, తేమ, గబ్బిలాల వాసన, పైనుంచి చుక్కలు. ఇది అలా కాదు, కొండకి పెద్ద తలుపు తీసి పెట్టినట్టు ఉంటుంది, నేల మీద నడుచుకుంటూ లోపలికి పోవడమే, లారీలు పోతాయి. ఇక్కడ నియాండర్తల్ మనుషుల రాతి పనిముట్లు దొరికాయట, మన బొర్రాలో కూడా ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళకి పాతరాతియుగం పనిముట్లు దొరికాయి కదా, ఈ మాట అక్కడ బీరు క్యూలో ఒకాయనతో అంటే ఆయన ఫోన్ తీసి బొర్రా ఫోటోలు వెతికి చూసి, మీ గుహలో కచేరీలు ఎందుకు పెట్టరు అన్నాడు. ఆయన ఆ ఊరివాడే, టికెట్ కొని రాలేదు, పార్కింగు చూసుకోవడానికి వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ గుహలో ఆయుధాల ఫ్యాక్టరీ పెట్టారని చెప్పాడు. ఊళ్ళో తుపాకి గురి సంఘం ఒకటుంది, ఏటా వాళ్ళ పండగ ఈ గుహలోనే. మన ఊరి జాతరలాగే మూడు తరాలూ వస్తారట. మేం వినడానికొచ్చిన సంగీతం ఆయనకి నచ్చదని కూడా చెప్పాడు, దాపరికం లేకుండా.

నేను స్వెట్టర్ తీసుకెళ్ళి మంచిపని చేశాను. బయట ఎండ కాస్తున్నా లోపలికి అడుగుపెడితే చల్లగా ఉంటుంది, రాత్రికి వేళ్ళు కొంకర్లు పోయాయి. గ్లాసుకి డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిస్తే డబ్బులు వెనక్కిస్తారు, మొదటిరోజు తెలియక రెండు గ్లాసులు వదిలేసి వచ్చాను. చెవుల్లో పెట్టుకునే దూది లాంటివి తప్పకుండా ఉండాలి. గుహ కాబట్టి ప్రతిధ్వని వచ్చి అంతా కలగాపులగం అవుతుందని భయపడ్డాను, అలా ఏం కాలేదు, డ్రమ్ము దెబ్బ మాత్రం చెవికి కాదు, పాదాలకి ముందు తెలిసేది. ఏ బ్యాండు ఎలా వాయించిందో రాస్తే ఇది చదివేవాళ్ళలో నలుగురికి తప్ప ఎవరికీ పట్టదు. ఒక్కటి చెప్తాను. రెండోరోజు సాయంత్రం ఎవరో గిటారు ఒక్కటే వాయిస్తున్నప్పుడు గుహ నిండా ఉన్న జనం, నల్ల చొక్కాలు, గడ్డాలు, పచ్చబొట్లు, ఒక్కరు దగ్గలేదు. ఫోన్లు కూడా జేబుల్లోనే. హాస్టల్లో మూడో అంతస్తు మెట్ల మీద రాత్రిపూట ఒక్కణ్ణీ ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్న పాటల్ని అంతమందితో కలిసి వింటుంటే మొదట నాకు కాస్త సిగ్గేసింది, ఎవరో నా డైరీ చదువుతున్నట్టు. తర్వాత పోయింది.

ఆ ఏడు వినాయక చవితి సెప్టెంబరు 7. వైజాగ్‌లో పది గంటలకి పూజ అంటే అక్కడ ఉదయం ఆరున్నర. ఆ రైలు దారిలోనే ఉన్న మెండెన్ అనే ఊళ్ళో అద్దెకి తీసుకున్న గదిలో దుప్పటి కప్పుకునే వీడియో కాల్లో కథ విన్నాను. అక్షింతలు ఎలా వెయ్యాలని అమ్మ కాసేపు ఆలోచించి, ఫోను మీదే నాలుగు వేసింది. రాత్రి చంద్రుణ్ణి చూడకు అంది. గుహలో ఉంటాను కదమ్మా, చూద్దామన్నా కనపడడు అన్నాను. పిన్ని వాళ్ళింట్లో నీళ్ళు తీస్తున్నాయని, ఫ్రిజ్జు పోయిందని, మనుషులు బాగున్నారని చెప్పింది.

ఆఖరి రాత్రి మాత్రం రైలు పోయింది. టైమ్‌టేబుల్ చూసుకునే ఉన్నాను, కానీ చివరి బ్యాండు వాయిస్తుండగా బయటికి రావడం నా వల్ల కాలేదు. స్టేషన్లో బెంచీ మీద కూర్చుని మెండెన్‌కి ఎన్ని కిలోమీటర్లో లెక్క చూసుకుంటుంటే, గుహలో నా పక్కన నిలబడ్డ ఇద్దరు డచ్ అన్నదమ్ములు వ్యాను ఆపి ఎక్కించుకున్నారు. దారిపొడవునా ఎవరూ మాట్లాడలేదు. ముగ్గురికీ చెవుల్లో గుయ్ మంటోంది.

మొత్తం ఖర్చు లక్షా డెబ్బై వేల దగ్గర తేలింది, చీటీ డబ్బు దాటి ముప్పై వేలు. వచ్చేటప్పుడు పుస్తకంలా ఉండే ఆల్బమ్‌లు రెండు తెచ్చాను, మూడు కిలోలు. అప్పటి రూలు ప్రకారం యాభై వేల లోపు సామాను కస్టమ్స్ అడగదని నాకు తెలుసు, రోజూ చేసే పనే, అయినా గ్రీన్ చానెల్లో నడుస్తుంటే గుండె కొట్టుకుంది.

ఇంటికొచ్చిన రోజు అమ్మకి ఫోన్లో తీసిన ఒకే ఒక వీడియో చూపించాను. చీకట్లో ఎర్రటి లైట్లు, రాతి కప్పు, కింద జనం తలలు. చెవికి దగ్గరగా పెట్టుకుని చివరిదాకా విని, కళ్ళజోడు సరిచేసుకుని ఇంకోసారి చూసింది.

"ఇది బొర్రాయే కదరా" అంది. "ఏటి, నన్ను మోసం చేస్తున్నావా?"