ఫీజు కట్టలేక ఆట మానేసిన పాప

మా అమ్మాయితో పాటు బ్యాడ్మింటన్ ఆడే ఒక పాప రెండు నెలల నుంచి రావట్లేదు, ఏంటని అడిగితే వాళ్ళ నాన్న ఆటో నడుపుతారు, నెలకి 3500 ఫీజు కట్టలేక మాన్పించేశారంట. మనసు చివుక్కుమంది. ఫీజు ఒక్కటేనా, షటిల్స్, షూస్, గట్టింగ్ (రాకెట్‌కి తీగలు వేయించడం), టోర్నమెంట్ ఎంట్రీలు, రానుపోను ఛార్జీలు.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి గుర్తుందా, అమ్మానాన్నలు కూలీలు, కోచ్ నాగపురి రమేష్ గారు చెయ్యి పట్టుకుని నడిపించారు కాబట్టే 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది.

సాయం అసలు లేదని కాదు. హైదరాబాద్ దగ్గర హకీంపేటలో ఉన్న ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూల్‌లో 4వ తరగతి నుంచే తీసుకుంటారు, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్ (అటూ ఇటూ తిరిగి పరిగెత్తడం), బ్రాడ్ జంప్ లాంటి టెస్టులు పెట్టి, సెలెక్ట్ అయితే చదువు, హాస్టల్, తిండి, కోచింగ్ అన్నీ ఫ్రీ. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకి సెలెక్ట్ అయితే చేతి ఖర్చులకే ఏడాదికి 1.20 లక్షలు ఇస్తారు. కానీ అదంతా టాలెంట్ బయటపడ్డాక కదండీ, ఎనిమిదేళ్ళ పిల్ల మొదటి రెండేళ్ళు ఆడాలంటే డబ్బులు ఎవరిస్తారు?

మేం నలుగురు పేరెంట్స్ వెళ్ళి కోచ్‌ని అడిగితే సగం ఫీజు తగ్గించారు, మిగతాది మేం వేసుకుంటున్నాం, పాపకి ఆ సంగతి తెలియనివ్వలేదు. సోమవారం నుంచి వస్తోంది. మీ పిల్లలకి చిన్నవైపోయిన నాన్ మార్కింగ్ షూస్, 3వ సైజువి ఉంటే చెప్పండి ప్లీజ్.