క్రెడిట్ నోట్ పంపిన రోజు

క్వార్టర్ క్లోజింగ్, అంటే మూడు నెలల ఖాతాల ముగింపు లెక్కలు సరిచూస్తుంటే ఇవాళ ఒక కస్టమర్ ఖాతా దగ్గర ఆగిపోయాను. మూడు నెలల క్రితం ఒప్పందం రెన్యూ చేసినప్పుడు వాళ్ళకి రేటు తగ్గించాం. ఆ తర్వాత వెళ్ళిన మూడు బిల్లులూ పాత రేటుతోనే ఉన్నాయి. వాళ్ళు చూసుకోలేదు, మూడూ కట్టేశారు.

ఎవరి పనో కనుక్కోవడానికి విచారణ ఏమీ అక్కర్లేదు. పాత బిల్లు కాపీ చేసి, తేదీ, నంబరు మార్చి పంపడం నా అలవాటు. రేటు వైపు చూడలేదు.

ఇది తెలిసింది పదకొండింటికి. మేనేజరు దగ్గరికి వెళ్ళింది మూడింటికి. ఈ మధ్యలో ఏం చేశానంటే, డెస్క్ సర్దాను, అక్కర్లేని ఫైళ్ళు డిలీట్ చేశాను. వాళ్ళే చూసి అడిగితే బాగుండునని కూడా అనుకున్నాను. అడిగితే ఇచ్చేస్తాం కదా! అడగకముందే చెప్పాలంటేనే నోరు పెగలదు.

మేనేజరు చెడ్డ మనిషేం కాదు. "ఇవ్వొద్దని ఎవరన్నారు? క్లోజింగ్ అయ్యాక వచ్చే క్వార్టర్‌లో క్రెడిట్ నోట్ ఇద్దాం. ఇప్పుడిస్తే మన నంబరు పడిపోతుంది" అన్నారు. క్రెడిట్ నోట్ అంటే ఎక్కువ తీసుకున్న డబ్బు కస్టమర్ ఖాతాకి తిరిగి జమచేస్తున్నామనే కాగితం. ఆయన టెన్షన్ ఆయనది. కానీ ఆ 'మన నంబరు'లో మనది కాని డబ్బు ఉంది. తర్వాత తిరిగి ఇచ్చినా ఈ క్వార్టర్ లెక్క తప్పు లెక్కే, అదీ తెలిసి రాసింది. పొద్దున దాకా అది పొరపాటు. ఇప్పుడు దానికి వేరే పేరు పెట్టాలి.

తడబడుతూనే ఆ మాట అన్నాను. ఆయన కాసేపు స్క్రీన్ వైపు చూసి, "సరే, మీ పేరుతోనే పంపండి" అన్నారు.

సీటుకి తిరిగొస్తుంటే అలెన్ మెక్‌డొనాల్డ్ గుర్తొచ్చాడు. ఇంత చిన్నదానికి అంత పెద్ద పోలికా అని నాకే నవ్వొచ్చింది. 1986 జనవరి 27 రాత్రి, అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ప్రయోగానికి ముందు, బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ ఇంజినీర్లు చలికి రబ్బరు సీళ్ళు పనిచేయవేమోనని వాయిదా వేయమన్నారు. పైవాళ్ళు ముందు వాళ్ళ మాటే అన్నా, చివరికి ప్రయోగానికి సరేనన్నారు. కంపెనీ తరఫున ప్రయోగ కేంద్రంలో ఉన్న మెక్‌డొనాల్డ్ మాత్రం ఆ సమ్మతి కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. ఇంకొకరు పెట్టారు. మర్నాడు పైకి లేచిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది, ఏడుగురూ చనిపోయారు. ఆయన ప్రయోగాన్ని ఆపలేకపోయాడు. తన పేరు మాత్రం ఇవ్వలేదు.

లెక్కల మోసం బయటపడి ఎన్రాన్ అనే పెద్ద కంపెనీ కూలాక అమెరికా 2002లో తెచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం కూడా పట్టుకున్నది సంతకాన్నే. లెక్కలు సరైనవని కంపెనీ సీఈఓ, డబ్బు వ్యవహారాలు చూసే సీఎఫ్ఓ స్వయంగా ధ్రువీకరించాలి. కింది వాళ్ళు చూసుకున్నారు, నాకేం తెలుసు అని తప్పుకోవడం అప్పటినుంచి కష్టమైంది.

మెయిల్ మొదలుపెడితే మొదటి వాక్యం దానంతటదే వచ్చేసింది: 'మా బిల్లింగ్‌లో పొరపాటు జరిగింది.' జరిగింది అన్న మాట ఎంత సుఖమో! వాన పడింది అన్నట్టు ఉంటుంది, చేసినవాడు ఎక్కడా కనపడడు. తర్వాత 'చింతిస్తున్నాం' అని బహువచనంలో దాక్కోవచ్చు. కొట్టేసి మళ్ళీ రాశాను: 'కొత్త రేటు మార్చకుండా మూడు బిల్లులు పంపాను. తప్పు నాది. క్రెడిట్ నోట్ జతచేశాను.' ఆ 'తప్పు నాది' రెండుసార్లు తీసేసి, రెండుసార్లూ మళ్ళీ పెట్టాను.

నాకు నచ్చని సంగతి ఒకటి కూడా రాసుకోవాలి. మొత్తం చిన్నది కాబట్టే ఈ ధైర్యం. అదే ఉద్యోగానికి ముప్పు తెచ్చేంతదైతే నాలుగు గంటలు కాదు, నాలుగు నెలలు డెస్క్ సర్దుతూ ఉండేవాణ్ణేమో. ప్రమాదం తర్వాత విచారణలో నోరు విప్పి నిజం చెప్పినందుకు మెక్‌డొనాల్డ్‌ని కంపెనీ కింది పదవికి దించింది. అమెరికా కాంగ్రెస్ కలగజేసుకున్నాకే ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. నా తరఫున ఏ కాంగ్రెసూ రాదు.

జవాబు ఇంకా రాలేదు. ఫోన్ రెండుసార్లు తీసి చూశాను. కానీ ఇప్పుడు మనసంతా వేరే దాని మీదుంది. కాపీ చేసి పంపింది ఆ ఒక్క కస్టమర్‌కే కాదుగా. మిగతా ఒప్పందాలన్నీ రేపు పొద్దున తీయాలి.