కాళ్లు పైకెత్తి కూర్చునే పిల్లలు

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో రోబో వాక్యూమ్ లేని ఇల్లు అరుదు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, కింద చెక్క ఫ్లోరు, పైన కార్పెట్, స్కూలు నుంచి రాగానే ఇల్లంతా చిందరవందర చేసే పిల్లలు. రోజూ చీపురు పట్టే ఓపిక ఎవరికుంటుంది? మేమూ కొన్నాం. దాని పుణ్యమా అని సాయంత్రం కాస్త తీరిక దొరికింది. ఆ తీరికలోనే పిల్లల చేత తెలుగు చదివిస్తున్నాను. కాబట్టి ఆ యంత్రం మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నా ఆలోచనంతా పిల్లల గురించే. నేల దానంతటదే శుభ్రమైపోయే ఇంట్లో పెరిగిన పిల్లలకి, నేల ఊడ్చే మనిషి కళ్లకి ఆనుతుందా?

కొనేటప్పుడు ఒక్క షరతు పెట్టాను, దానికి కెమెరా ఉండకూడదని. 2022 చివర్లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ అనే పత్రికలో ఒక కథనం వచ్చింది. ఇళ్లలో పరీక్ష కోసం తిప్పిన రోబోలు 2020లో తీసిన ఫొటోలు, బాత్రూంలో కూర్చున్న ఒకావిడ ఫొటోతో సహా, సోషల్ మీడియా గ్రూపుల్లోకి వెళ్లిపోయాయి. రోబోలకి నేర్పడం కోసం, ఫొటోలో ఉన్నది కుర్చీయా మనిషా అని గుర్తులు పెట్టే కాంట్రాక్టు పనివాళ్ల దగ్గర్నుంచి బయటికొచ్చాయట. అవి దుకాణంలో అమ్మినవి కావని, ఇంటివాళ్లు ఒప్పుకున్నాకే పెట్టిన పరీక్ష రోబోలని వాటిని తయారుచేసిన కంపెనీ చెప్పింది. అయినా నాకు మనసొప్పలేదు. మా అమ్మ వచ్చిందంటే ఆరు నెలలు ఉంటుంది. తలంటు పోసుకుని జుట్టు ఆరబోసుకుంటూ ఇల్లంతా తిరుగుతుంది. ఆవిడ తిరిగే చోట కెమెరా తిరగడం నాకిష్టం లేదు. అందుకని లేజర్‌తో దూరాలు కొలుచుకునే రకం తెచ్చుకున్నాం.

అదెలా పనిచేస్తుందో అమ్మమ్మకి చెప్పే బాధ్యత మా పెద్దది తీసుకుంది. పైనున్న బుడిపెలో లేజర్ గిర్రున తిరుగుతూ గోడ ఎంత దూరం, కుర్చీ ఎంత దూరం అని కొలిచి ఇంటి పటం గీస్తుంది. అడుగున ఉన్న సెన్సర్లు నేల మీదకి కంటికి కనిపించని వెలుగు పంపిస్తాయి. ఆ వెలుగు తిరిగి రాకపోతే ముందు మెట్టుందని ఆగిపోతుంది. నల్లటి రగ్గు వెలుగుని మింగేస్తుంది కాబట్టి దాన్నీ గొయ్యనుకుని వెనక్కి తగ్గుతుంది. రూంబా అనే బ్రాండులో 2002లో వచ్చిన మొదటి రోబో వాక్యూమ్‌కి ఈ పటాలేవీ లేవు, దేనికైనా తగిలితే దిక్కు మార్చుకుని వెళ్లేదంతే. మా అమ్మ అంతా విని, "అయితే అప్పట్లో గుడ్డి తాబేలు, ఇప్పుడు కళ్లున్న తాబేలు" అంది. ఆ రోజు నుంచి దాని పేరు తాబేలే. యాప్‌లో గదుల పేర్లు పెద్దది తెలుగులోనే కొట్టింది. 'అమ్మమ్మ గది', 'వంటిల్లు', 'దేవుడి గది'. దేవుడి గది ముందు ఎర్ర గీత గీసి, అటు వెళ్లకుండా చేసింది.

అమ్మ ఉన్నన్నాళ్లూ తాబేలు కూడా మన పద్ధతుల ప్రకారమే నడవాల్సి వచ్చింది. దీపం పెట్టాక ఇల్లు ఊడవకూడదు. మనిషి ప్రయాణమై వెళ్లగానే ఊడవకూడదు. పిల్లలు వీటిని ఆటలా తీసుకున్నారు, నేను అడ్డుచెప్పలేదు. ఇక్కడ జూన్‌లో సూర్యుడు ఎనిమిదిన్నర దాటాక గానీ అస్తమించడు, డిసెంబర్‌లో ఐదున్నర లోపే చీకటి పడుతుంది. పెద్దది కాలాన్ని బట్టి షెడ్యూలు మార్చేది. వాళ్ల నాన్న ఆఫీసు పని మీద ఎయిర్‌పోర్టుకి బయల్దేరితే చిన్నోడు పరుగున వెళ్లి తాబేలు నెత్తిన బటన్ నొక్కి ఆపేసేవాడు. దీపం వేళ ఎందుకు ఊడవకూడదని అడిగితే అమ్మ చెప్పిన కారణం నాకు నచ్చింది. బుడ్డి దీపాల రోజుల్లో ముక్కుపుడకో, చెవి దిద్దు శీలో కింద పడితే చెత్తతో పాటు పోతుందని. ఆ కారణం తెలిశాక, తాబేలు చెత్తడబ్బా ఖాళీ చేసే ముందు పెద్దది ఒకసారి చేత్తో కెలికి చూస్తుంది.

వంటింట్లో దానికీ మనకీ అంతగా పొసగదు. పోపులోంచి ఎగిరిపడ్డ ఆవాలని పక్కనుండే మూడు కాళ్ల బ్రష్షు లోపలికి లాగాల్సింది పోయి స్టవ్ కిందికి చిమ్ముతుంది. పెరుగన్నం మెతుకు మీంచి వెళ్లిందంటే దాన్ని నేలకి పులిమేస్తుంది. అన్నిటికంటే పెద్ద పని వెంట్రుకలు. అమ్మ జుట్టు పొడుగు, పైగా కొబ్బరి నూనె. రోలరు చుట్టూ దారపు కండెలా బిగిసిపోయేది. శనివారం పొద్దున్నే పెద్దది పాత పేపరు పరిచి, తాబేలుని వెల్లకిలా తిప్పి, రోలరు ఊడదీసి చిన్న కత్తెరతో ఆ వెంట్రుకలు పొడుగునా కత్తిరించి లాగుతుంది. చివర్లో ఇరుసు దగ్గర చిక్కుకున్నవి రావు, వాటికి సూది కావాలి. చేతులకి నూనె, దుమ్ము, చుండ్రు అంటుకుంటాయి. మొదట్లో ముక్కు మూసుకునేది, ఇప్పుడు అలవాటైంది. ఆ పని దాని చేతే చేయించాలని నేను గట్టిగా పట్టుబట్టాను. మన ఇంటి చెత్త ఎలా ఉంటుందో, ఏ వాసన వేస్తుందో పిల్లలకి తెలియాలి.

దసరాకి కార్లతో పాటు తాబేలుకీ పసుపు, కుంకుమ పెట్టారు. మరి చీపురుకో అని చిన్నోడు అడిగాడు. ఇండియన్ స్టోర్లో కొన్న కొండచీపురు గరాజ్‌లో ఉంటే అమ్మ తెప్పించి దానికీ బొట్టు పెట్టింది. చీపురంటే లక్ష్మి, కాలితో తొక్కకూడదు అని చెప్పింది. మన్యంలో కొండల మీద గడ్డి కోసి, ఎండబెట్టి గిరిజనులు కట్టే చీపురది, పాడేరు వైపు గిరిజన సహకార సంస్థ వాళ్ల దగ్గర కొంటుంది అని నేనొక మాట కలిపాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు.

తర్వాత సెలవులకి విజయవాడ వెళ్లాం. అమ్మావాళ్ల అపార్ట్‌మెంట్‌కి పొద్దున్నే ఒకావిడ వస్తుంది. అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి వెళ్తుంది. చిన్నోడు సోఫాలో ఐప్యాడ్ చూస్తున్నాడు. ఆవిడ చీపురుతో దగ్గరికొచ్చింది. వాడు తలెత్తలేదు, చూపు మరల్చలేదు. రెండు కాళ్లూ పైకెత్తాడు. ఆవిడ కింద ఊడ్చుకుని పక్కకి జరిగింది. వాడు కాళ్లు దించాడు. ఫ్రిస్కోలో తాబేలు సోఫా దగ్గరికొస్తే ఏం చేస్తాడో అచ్చంగా అదే చేశాడు.

నా గుండె కలుక్కుమంది. చూడ్డానికొచ్చిన ఒక బంధువు, అమెరికా పిల్లలు కదా, మిషన్లకి అలవాటుపడ్డారు అంది. ఆ మాట నేను ఒప్పుకోను. అదే సోఫాలో మా నాన్న పేపరు చదువుకుంటూ ఇన్నేళ్లూ అలాగే కాళ్లెత్తారు. మన ఊళ్లలో, మన కులాల ఇళ్లలో, రోబోలు పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటది. మా వాడికి అది తాబేలు వల్ల వచ్చి ఉండొచ్చు, మా నాన్నకి మాత్రం ఏ తాబేలూ నేర్పలేదు.

ఆ పూటే పెద్దదాని కళ్లు ఇంకోచోట పడ్డాయి. వంటింటి కిటికీ గూట్లో ఒక స్టీలు గ్లాసు విడిగా బోర్లించి ఉంది. ఆవిడ టీ తాగే గ్లాసది. "చీపురు లక్ష్మి అన్నావు కదా అమ్మమ్మా, మరి చీపురు పట్టుకునే ఆంటీకి గ్లాసు వేరే ఎందుకు?" అని అడిగింది. అమ్మ "ఆవిడది ఆవిడకుంటే మంచిది కదే తల్లీ" అని సర్దబోయింది. నేను సర్దనివ్వలేదు. కులం గురించి, అంటు గురించి, ఎవరు ముట్టుకున్నది ఎవరు తాగరో ఆ లెక్కల గురించి ఆ రాత్రి ఇద్దరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మన సంస్కృతి అని పిల్లలకి ముగ్గులు, పూజలు, పద్యాలు నేర్పి, ఈ గ్లాసు సంగతి దాచడం నాకు అన్యాయమనిపిస్తుంది. రెండూ ఒకే ఇంట్లోవి. మర్నాడు అమ్మ ఏమీ అనకుండా ఆ గ్లాసు తీసి మిగతా గ్లాసుల్లో కలిపేసింది.

పిల్లలు ఉత్సాహంగా చీపుర్లు పట్టుకుని ఆవిడకి సాయం వెళ్లారు. ఆవిడ నవ్వుతూనే, "జరగండి బాబూ, నాకింకా మూడిళ్లున్నాయి" అంది. ఆవిడ మాట సబబు. పిల్లల సరదా కోసం ఆవిడ పని ఆలస్యం కాకూడదు. ఆవిడకి నిజంగా పనికొచ్చేదేమిటంటే, ఆవిడ వచ్చేసరికి నేల మీద చెప్పులు, ఛార్జర్లు, బొమ్మలు లేకుండా ఉండటం. కుర్చీలు టేబుల్ మీద బోర్లించి ఉండటం. ఇవన్నీ మా పిల్లలు ఫ్రిస్కోలో రోజూ తాబేలు కోసం చేసేవే! దారిలో సాక్సు కనిపిస్తే దానికి గొంతుకడ్డం పడినట్టవుతుందని వాళ్లకి తెలుసు. యంత్రం కోసం నేర్చుకున్న జాగ్రత్తనే మనిషి కోసం చూపించమన్నాను. ఆ సెలవుల్లో ఆరున్నరకల్లా లేచి నేలంతా ఖాళీ చేసేవాళ్లు. ఆవిడ రాగానే చిన్నోడు సోఫాలోంచి లేచి, "ఆంటీ, బాగున్నారా?" అని పలకరించి బాల్కనీలోకి వెళ్లేవాడు.

ఇప్పుడు నడుస్తున్న గొడవ ఆవిడ సెలవుల గురించి. తాబేలైతే బ్యాటరీ అయిపోగానే దానంతటదే వెళ్లి ఛార్జర్ మీద ఎక్కి కూర్చుంటుంది, ఎవరినీ అడగక్కర్లేదు. ఆవిడకి నెలకి రెండు రోజులే సెలవు, అదీ ముందే చెప్పి తీసుకోవాలి. పెద్దది స్కూల్ ప్రాజెక్టు కోసం వెతుకుతూ అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందం పట్టుకుంది. ఇంటిపని చేసేవాళ్లకి వారానికి కనీసం 24 గంటలు వరసగా విశ్రాంతి ఉండాలని అందులో ఉంది. ఇండియా దాన్ని ఇంకా ఆమోదించలేదు. అయితే ఏం, అమ్మమ్మ ఆమోదించొచ్చు కదా అంటుంది ఇది. ఆదివారం చుట్టాలొచ్చే రోజు, అంట్లెవరు తోముతారే అంటుంది మా అమ్మ. "తాతయ్య తోముతారు" అని ఇది. ప్రతి ఆదివారం వీడియో కాల్లో ఇదే వాదన. పోయిన వారం మా నాన్న పక్కనుంచి అందుకుని, గిన్నెల సబ్బు ఎక్కడుంటుందో చెప్పమని అడిగారు. జీతం మాత్రం ఎప్పట్లాగే పూర్తిగా ఇవ్వాలని పెద్దది షరతు పెట్టింది. అమ్మ ఇంకా ఊఁ అనలేదు.