మన నేర్పు మీద నడుస్తున్న నగరం

నిన్న రాత్రి బస్సు దిగి, దగ్గరి దారి ఉన్నా దీపాలున్న చుట్టుదారే పట్టాను. అవతల ఎవరూ లేకపోయినా ఫోను చెవికి ఆనించుకుని మాట్లాడుతూ నడిచాను. ఏళ్ల తరబడి ఉన్న అలవాటే, కానీ నిన్న చాలా కోపం వచ్చింది. నగరం చేయకుండా వదిలేసిన పనిని ఎంతమంది ఆడవాళ్లం రోజూ మా ఒంటి మీద వేసుకుని పూర్తి చేస్తున్నామో! పిల్లల బండిని వెనక్కి తిప్పి ఎత్తయిన ఫుట్‌పాత్ మీదికి లాగడం, దారిలో మరుగుదొడ్డి దొరకదని దాహమైనా నీళ్లు తాగకుండా బయలుదేరడం (ఇది ఒంటికి ఎంత చేటో వేరే చెప్పాలా?), తోడు దొరికేదాకా స్టాపులోనే ఆగిపోవడం. ఈ ఉపాయాలను ఓర్పు అని మెచ్చుకుంటే నాకు బాధేస్తుంది.

కెనడాలోని మాంట్రియల్‌లో 1996లోనే, రాత్రిపూట రెండు బస్సు స్టాపుల మధ్య తమ ఇంటికి దగ్గరగా దిగే వీలు స్త్రీలకు కల్పించారు. దానికి కొత్త రోడ్డేమీ వేయనక్కర్లేదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990లలో మహిళా ఆర్కిటెక్టులు రూపొందించిన ఫ్రావెన్-వెర్క్-ష్టాట్ గృహ సముదాయంలో పిల్లల బండ్లు ఉంచుకోవడానికి అంతస్తు అంతస్తుకీ చోటుంది. మెట్లదారులు కూడా విశాలం, ఇరుగుపొరుగు ఆగి పలకరించుకునేలా.

ప్రయాణాల లెక్కలు తీసేవాళ్లు ఇంటి నుంచి ఆఫీసుకు ఒక గీత గీసి సరిపెట్టకూడదు. మా దారిలో ముందు పిల్లల బడి, మందుల దుకాణం, కూరగాయలు, పెద్దవాళ్ల ఇల్లు, ఆ తర్వాతే ఉద్యోగం. ఈ మలుపులన్నీ ఆ పటంలోకి ఎక్కాలి.