సాయంత్రం బడులు మూతపడ్డ ఏడాది మేము నేర్చుకున్న లెక్క

శ్రీకాకుళం జిల్లా తీరగ్రామాలలో సాయంత్రం బడులు నడిపే ఒక చిన్న ట్రస్టుకు నేను పదేళ్ళకు పైగా కోశాధికారిగా ఉన్నాను. మా ఊళ్ళ మత్స్యకారులలో చాలామంది ఆగస్టులో గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పనికి వెళ్ళి, మళ్ళీ వేసవి చివరికి గాని ఇళ్ళకు రారు. ఆ నెలలన్నీ పిల్లలు అవ్వతాతల దగ్గర పెరుగుతారు కాబట్టి, చీకటి పడే వేళకు వారిని కూర్చోబెట్టి చదివించే మనిషి, వెలుతురున్న గది ఉండాలన్నదే మా ఆలోచన. 2019 నాటికి పదకొండు కేంద్రాలు నడిచేవి. ఒక కంపెనీ సీఎస్ఆర్ నిధులతో, అంటే సామాజిక బాధ్యత కింద కంపెనీలు ఖర్చు చేసే డబ్బుతో, మా ఖర్చులో మూడింట రెండు వంతులకు దగ్గరగా గడిచిపోయేది. 2022 మార్చి చివరి వారంలో ఆ కంపెనీ నుంచి నాలుగు వాక్యాల ఉత్తరం వచ్చింది. తమ ప్రాధాన్యాలు మారాయని, కొత్త ఆర్థిక సంవత్సరానికి ఒప్పందాన్ని పొడిగించడం లేదని దాని సారాంశం. ఏప్రిల్‌లో ఆరు కేంద్రాలను మూసివేశాము.

మూసివేసే మాట చెప్పడానికి ఒక ఊరికి నేనే వెళ్ళాను. గది ముందు చాప మీద ఎండుచేపలు ఏరుతున్న ఒక అవ్వ అంతా విని, "ఏటి బాబూ, రేపటినుంచి బడి నేదా? సందేళ పిల్లల్ని ఎక్కడికి తోలీమంటావు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. కంపెనీ వారు మాట తప్పలేదు. వారి ఒప్పందం ఏడాదికి ఒకసారి రాసుకునేదే. ఏడాది ఒప్పందాన్ని శాశ్వతమైన ఆదాయంగా భావించి, పిల్లలకు పదో తరగతి దాకా ఉంటామని మాట ఇచ్చింది మేము.

ఆ వేసవిలో పాత బిల్లులన్నీ ముందేసుకుని ఒక్కొక్క కేంద్రానికి నిజంగా ఎంత ఖర్చవుతున్నదో మొదటిసారి లెక్క కట్టాము. ప్రపోజల్‌లో మేము రాసినది నెలకు 5,200 రూపాయలు. అందులో టీచరు గౌరవ వేతనం 4,000, గది, కరెంటు 600, పుస్తకాలు, పలకలు 600. దాని మీద అయిదు శాతం ఆఫీసు ఖర్చుగా అడిగాము. కాని వారానికొకసారి ప్రతి కేంద్రానికీ వెళ్ళి వచ్చే సమన్వయకర్త జీతం 16,000, లెక్కలు రాసే అమ్మాయి జీతం 9,000, ఆఫీసు అద్దె, ఫోను కలిపి 5,000, పెట్రోలు 5,000, ఆడిట్, ఫైలింగులకు నెలకు సగటున 3,500, మొత్తం 38,500 రూపాయలు ఏ ప్రపోజల్‌లోనూ లేవు. పదకొండింటికి పంచితే కేంద్రానికి 3,500 పడుతుంది. అంటే అసలు ఖర్చు 8,700 కాగా మేము తీసుకున్నది 5,460. కొత్త కేంద్రం తెరిచిన ప్రతిసారీ సంస్థ పెరుగుతున్నదని సంతోషించాము గాని, ఆ తేడా అంతా స్థానిక విరాళాల నుంచి, చాలని నెలల్లో ట్రస్టీల జేబుల నుంచి భర్తీ అవుతున్న సంగతిని ఒక్క సమావేశంలోనూ మాట్లాడుకోలేదు.

అయిదు శాతం అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గడచిన మూడేళ్ళ సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ నిబంధనలలో పరిపాలనా ఖర్చు అయిదు శాతం మించరాదన్న మాట ఉన్నది. అయితే అది కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారాన్ని నడుపుకోవడానికి పెట్టుకునే ఖర్చుకు పరిమితి. క్షేత్రంలో పని చేసే సంస్థ సమన్వయకర్తకు జీతం ఇవ్వకూడదని దాని అర్థం కాదు. చిన్న సంస్థలు చాలావరకు ఈ తేడా తెలియకనే తల వంచి సంతకం చేస్తాయి, మేమూ చేశాము. ఇప్పుడు మా ప్రపోజల్‌లో సమన్వయకర్త జీతాన్ని కార్యక్రమ ఖర్చుగానే, పూర్తి వివరంతో చూపిస్తున్నాము. పర్యవేక్షణ లేని బడి రెండు నెలలలో హాజరుపట్టీ మాత్రమే మిగిలే బడి అవుతుందని దాతలతో నేరుగా చెబుతున్నాము. ఇద్దరు దాతలు ఒప్పుకోలేదు. వారి డబ్బు వద్దన్నాము, ఆ నిర్ణయానికి మా సమావేశంలో రెండు గంటలు పట్టింది.

ఒకే చేతి మీద నిలబడిన సంస్థ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు 108 అంబులెన్సు గుర్తుకు వస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ సేవ సత్యం రామలింగరాజు కుటుంబం చొరవతో పుట్టింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడినప్పుడు, వ్యవస్థాపకుడే జైలుకు వెళ్ళినా, బండ్లు ఆగలేదు. అప్పటికే నిర్వహణ ఖర్చులో అత్యధిక భాగం రాష్ట్ర ప్రభుత్వాలతో రాసుకున్న ఒప్పందాల ద్వారా వస్తున్నది, తరువాత జీవీకే సంస్థ బాధ్యత తీసుకున్నది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిది మరో దారి. ప్రఖ్యాత సినీ నిర్మాత ఎల్వీ ప్రసాద్ గారు ఇచ్చిన కోటి రూపాయలు, అయిదెకరాల స్థలంతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో దానిని ప్రారంభించారు. అయితే ఇన్నేళ్ళు అది నడిచినది తొలి విరాళంతో కాదు. డబ్బు చెల్లించగలిగిన రోగుల రుసుము, చెల్లించలేని వారి వైద్యానికి ఆసరాగా నిలిచే ఏర్పాటు అందులో ఉన్నది. మా పిల్లల దగ్గర రుసుము వసూలు చేయలేము కాబట్టి ఆ పద్ధతి మాకు నేరుగా పనికిరాదు, కాని ప్రశ్న మాత్రం మాదే: మొదటి దాత లేని నాడు ఆ నెల జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి?

మేము వెతుక్కున్న జవాబు చిన్న మొత్తాలలో ఉంది. జిల్లా ఉపాధ్యాయులు, విశాఖలోను హైదరాబాదులోను ఉద్యోగాలు చేసుకుంటున్న మా ఊళ్ళ యువకులు, విశ్రాంత ఉద్యోగులు, ఇద్దరు చేపల వ్యాపారులు కలిపి నూటనలభై మంది ఇప్పుడు నెలకు సుమారు 300 రూపాయలు పంపుతున్నారు. ఆ 42,000 రూపాయలను పిల్లల పుస్తకాలకని అడగలేదు. సమన్వయకర్త జీతానికి, ఆఫీసు అద్దెకు, ఆడిట్‌కు అని పేరు పెట్టి అడిగాము. అలా అడిగితే ఎవరిస్తారని మా ట్రస్టీలలో ఒకరు గట్టిగా వాదించారు. ఇచ్చారు. డబ్బు అందిన వారంలోపు రసీదు చేరాలన్నది మా నియమం, మూడు నెలలకొకసారి ఒక పేజీ లెక్క కూడా పంపుతాము. పన్ను మినహాయింపును మాత్రం ముందు పెట్టడం మానేశాము. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి విరాళాల మీద పన్ను తగ్గింపు వర్తించదు, ఆ ఆశ చూపి తీసుకున్న విరాళం మరుసటి ఏడాది నిలిచిపోవచ్చు.

విదేశాలలోని మనవారి గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చేస్తే సంస్థ ప్రాణానికే ముప్పు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్న తరువాత పంపితే, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని లేకుండా తీసుకోకూడదు. ఆ నమోదు కావాలంటే సంస్థకు కనీసం మూడేళ్ళ వయసు ఉండాలి, గడచిన మూడు ఆర్థిక సంవత్సరాలలో కనీసం 15 లక్షల రూపాయలు తన పని మీద ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తరువాత ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధిని మరొక సంస్థకు బదిలీ చేయడానికి కూడా వీలు లేదు. అందుకే డాలస్ నుంచి ఒక మిత్రుడు ఆప్యాయంగా అడిగినప్పుడు ముందుగా ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగవలసి వచ్చింది. ఆయన నొచ్చుకోలేదు. ఊళ్ళో ఉన్న తమ్ముడితో మాట్లాడి, ఆ తమ్ముడే తన సంపాదనలోంచి మాకు నెలవారీ దాతగా చేరేలా చేశారు.

మూసిన ఆరింటిలో మూడు కేంద్రాలను తిరిగి తెరిచాము. ఆ అవ్వ ఊరిది అందులో లేదు. ఒక కేంద్రానికి రెండేళ్ళ పూర్తి ఖర్చు, అంటే 8,700 లెక్కన 2,08,800 రూపాయలు, బ్యాంకులో విడిగా చేరే వరకు దాని తలుపు తెరవకూడదని తీర్మానాల పుస్తకంలో రాసుకున్నాము. ఆ ఊరి పేరున ఇప్పటికి పదకొండు నెలల మొత్తం చేరింది. క్రితం నెల వెళ్ళినప్పుడు ఆ సంగతే అవ్వకు చెప్పాను. ఇంకా పదమూడు నెలల డబ్బు కూడాలని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, అప్పటికి తన మనవడు ఏడో తరగతిలో ఉంటాడని చెప్పింది.