అలాస్కాలో ఎలుగుకు ఏ తూటా?

ఉద్దానం జీడితోటల్లో జనాన్ని హడలెత్తించే ఎలుగుబంటి నూరు కిలోలు, మహా అయితే నూట నలభై. అలాస్కా తీరంలో సాల్మన్ చేపలు తిని బలిసిన మగ గోధుమ ఎలుగు ఐదు వందల కిలోలు కూడా దాటుతుంది. ఆంకరేజ్, ఫెయిర్‌బ్యాంక్స్‌లలో ఉద్యోగం చేస్తూ సర్వే పనికో చేపలకో అడవిలోకి వెళ్లే మనవాళ్లు నడుముకు రివాల్వర్ ఉంటే బాగుండుననుకోవడం సహజమే. కానీ షాపుకి వెళ్లేముందు వీసా కాగితం చూసుకోవాలి.

హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకే కాదు, ఒక్క తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదు. ఎక్కువమందికి పనికొచ్చే మినహాయింపు ఒకటుంది: చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. అలాస్కా లైసెన్సు డిసెంబరు 31తో చెల్లిపోతుంది. కొత్తది తీసుకోకపోతే జనవరి 1న బీరువాలో ఉన్న తూటాల పెట్టే నేరం. గ్రీన్‌కార్డు వాళ్లకు ఈ చిక్కు లేదు. ఎవరికైనా సరే, కంపెనీ క్యాంపులో, కంపెనీ బండిలో తుపాకి ఒప్పుకుంటారో లేదో వేరే అడగాలి.

ఇక సరుకు సంగతి. ఇత్తడి గొట్టం, అందులో తుపాకిమందు, దాన్ని అంటించే ప్రైమర్, ముందు గుండు, అన్నీ కలిస్తే తూటా. ఎలుగు దగ్గర లెక్కలోకొచ్చేది ఆ గుండే. దాని బరువు గ్రెయిన్లలో చెబుతారు. గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు. వేటకు జింకనో కారిబూనో (మంచుప్రాంతపు పెద్ద జింక) పక్కనుంచి తీరిగ్గా చూసి కొడతారు కాబట్టి .44 మాగ్నమ్ అనే రివాల్వర్ తూటాలో 240 గ్రెయిన్ల రాగితొడుగు గుండు చాలు. అది లోపలికెళ్లి పువ్వులా విచ్చుకుని ఊపిరితిత్తుల్ని చీలుస్తుంది. మీదికొచ్చే ఎలుగు ఎదురుగా, తల దించుకుని వస్తుంది. కొవ్వు, కండ, భుజం ఎముక దాటి గుండు చాలా లోతుకు పోవాలి. విచ్చుకున్న గుండు మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే రక్షణకు విచ్చుకోని రకం కావాలి: సీసంలో తగరం, యాంటిమొనీ కలిపి గట్టిగా పోతపోసినది, 300 గ్రెయిన్ల పైచిలుకు, ముందు భాగం వెడల్పుగా చదునుగా ఉన్నది. కోసుగా, గుండ్రంగా ఉన్నవి ఎముక తగిలితే దారి తప్పొచ్చు. చదును ముక్కుది తిన్నగా పోతుంది. షాపులో 'హార్డ్ కాస్ట్' అని అడిగితే 20 తూటాల పెట్టె ఇస్తారు.

ఎంత పెద్దది కొనాలి? .44 కన్నా బలమైన .454 కాసుల్ తూటాలో 300 గ్రెయిన్ల గుండు సెకనుకు 1600 అడుగుల వేగంతో వెళ్తుంది; .44 లో ఆ బరువు గుండు 1300 దరిదాపుల్లో. 2003లో వచ్చిన .500 స్మిత్ అండ్ వెసన్ రెండింటినీ మించినది. షాపువాడు దాన్నే ముందు చూపిస్తాడు. కానీ అంత పెద్దదైతే మొదటి దెబ్బకి చెయ్యి పైకి లేచి, మళ్లీ గురి కుదిరేలోపు ఎలుగు మీద పడుతుంది. రెండో గుండు తొందరగా, సరిగ్గా వేయగలిగినదే మీ కొలత. ఎక్కువమందికి అది .44 దగ్గరే ఆగుతుంది. సాధనకు అదే తుపాకిలో .44 స్పెషల్ అనే పొట్టి తూటా వాడుకోవచ్చు. అలాగే .454 లో .45 కోల్ట్ అనే పొట్టిది కూడా పడుతుంది గానీ, పొట్టి తూటాలు కాల్చాక సిలిండర్ గదుల్లో (తూటాలు పెట్టే తిరిగే చక్రంలోని రంధ్రాల్లో) మసి కట్టి పొడవు తూటాలు ఇరుక్కుంటాయి. బ్రష్‌తో గీకి తియ్యాలి.

తేలికైన రివాల్వర్లలో అసలు గండం వేరే. కాల్చినప్పుడు తుపాకి వెనక్కి తన్నుతుంది. మిగతా గదుల్లోని ఇత్తడి గొట్టాలు దాంతోపాటు వెనక్కి వస్తాయి, బరువైన గుండ్లు ఉన్నచోటే ఉండిపోయి గొట్టంలోంచి ముందుకు జారతాయి. ఒక్కటి సిలిండర్ దాటి బయటికి పొడుచుకొచ్చినా సిలిండర్ తిరగదు. ఎలుగు ఎదురుగా ఉండగా చేతిలో ఇనపముక్క మిగులుతుంది. పరీక్ష సులువు: ఒక తూటా పొడవు వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, గుర్తు పెట్టి ఆరో గదిలో వెయ్యండి. ఐదు కాల్చి, ఆరోది తీసి మళ్లీ కొలవండి. కొద్దిగానైనా పెరిగిందంటే ఆ తూటా ఆ తుపాకికి పనికిరాదు. అదే తూటా బరువైన తుపాకిలో బాగానే ఉండొచ్చు.

తూటాలు తోలు బెల్టు లూపుల్లో నెలలకొద్దీ వదిలేస్తే ఇత్తడికి ఆకుపచ్చగా చిలుము పడుతుంది, అవీ గదిలో ఇరుక్కుంటాయి. ప్రైమర్ మీద నూనె చుక్క పడనివ్వకండి. చలికాలం తుపాకికి చిక్కటి గ్రీజు వద్దు, గడ్డకట్టి ప్రైమర్‌ను పేల్చే హ్యామర్ (సుత్తి) మెల్లగా పడుతుంది.

విమానంలో తూటాలు చెకిన్ సామానులోనే, సరైన పెట్టెలోనే వెళ్లాలి. చాలా విమాన సంస్థల పరిమితి 5 కిలోలు. ఎలుగు స్ప్రే (ఎలుగు మొహాన చిమ్మే మిరపఘాటు డబ్బా) మాత్రం ఏ సామానులోనూ ఒప్పుకోరు, దిగినచోట కొనుక్కోవాల్సిందే. నిజానికి ముందు చేతికి అందాల్సింది ఆ స్ప్రేనే: ముప్ఫై అడుగుల దాకా కొడుతుంది, వీసాతో పేచీ లేదు. కెనడా మీదుగా కారులో వెళ్లేవాళ్లు రివాల్వర్ మాట మర్చిపోవాలి.

ప్రాణరక్షణకు ఎలుగును చంపాల్సి వస్తే పని అక్కడితో అవదు. వెంటనే ఫిష్ అండ్ గేమ్ శాఖకు చెప్పాలి, గోళ్లు ఊడకుండా చర్మం, పుర్రె తీసి వాళ్లకు అప్పగించాలి, 15 రోజుల్లో రాతపూర్వకంగా రిపోర్టు ఇవ్వాలి. చర్మం వలిచేది కూడా మీరే. సంచిలో మంచి కత్తి ఒకటి పెట్టుకోండి.